గుర్వమ్మ ఇంటికి జాజు చుక్క

మా అత్త గుర్వమ్మకు చక్కెర బీమారి ఉంది, బీపీ ఉంది, ఎడమ కంటికి పొర ఉంది. వీటన్నిటినీ మించిన రోగం ఇంకొకటుంది. దానికి ఏ దవాఖానలోనూ మందు లేదు. అది తోటికోడలు సైదమ్మ మీద కుళ్లు.

మాది మోత్కూరు అవతల చిన్న ఊరు. కురుమలం, గొర్లే మా బతుకు. అన్నదమ్ముల ఇళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. పెద్దకోడలైన మా అత్త, మంచం పట్టిన తన అత్తగారికి ఏళ్ల తరబడి మలమూత్రాలు ఎత్తిపోసింది. ఆ ముసలామె మాత్రం పోయే ముందు "సైదీ, నీళ్లు పొయ్యే" అని చిన్నకోడలిని పిలిచింది. ఆ గుక్కెడు నీళ్లు మా అత్త గొంతులో ఇప్పటికీ అడ్డంపడే ఉన్నాయి. సైదమ్మ ఇంట్లో బర్రె ఈనినా కడుపుమంటే, బీరపాదు కాసినా కడుపుమంటే. పొద్దున్నే గోడ మీదుగా నాలుగు తిట్లు విసిరితే గానీ ఈమెకు చాయ్ దిగదు. సైదమ్మ కూడా తక్కువదేం కాదు, ఒకటంటే రెండంటుంది.

పోయినేడు వానలకు ముందు నర్సు త్రివేణి పంచాయతీ ముందర జాగా ఊడ్పించి, ముగ్గుతో ఊరంతా నేల మీద గీయించింది. వాడలకు గీతలు, ఇళ్లకు గులకరాళ్లు.

"దవాఖాన దాక నడువలేని ముసలోళ్లు ఏ ఇంట్ల ఉన్నరో చెప్పుండ్రి. ఆ రాయి మీద ఎర్ర చుక్క పెడుతం. చుక్క ఉన్న ఇంటికి నేనే వస్త" అంది.

కుంకుమ నేలపాలు చేయొద్దని ఎవరో ఎర్రమట్టి జాజు పట్టుకొచ్చారు. అక్కడే వచ్చింది తంటా. ముసలి గొర్రెను అంగడికి తోలే ముందు మేము దాని వీపు మీద జాజు పూస్తాం. జాజు పడిన గొర్రె మళ్లీ మందలోకి రాదు, కటికాయన చేతికే పోతుంది. సైదమ్మ ఇంటి రాయి మీద చుక్క పడగానే మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"దీనికి జాజు పడ్డది. ఇగ అంగడికే!"

ఆ నవ్వు ఆగకముందే మా ఇంటి రాయి మీద కూడా చుక్క పడింది. ఇక చూడండి, శివాలెత్తింది.

"నేనేమన్న కటికోనికి అమ్మే గొర్రెనా? మంద ఎనుక గుట్ట దాక పోతలేనా? నాకేం పుట్టింది!" అని ఆ రాయిని కాలితో ఎగరదన్నింది. త్రివేణి ఏదో చెప్పబోయి, తిట్లకు జడిసి, మా ఇల్లు లేని ఊరినే ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం త్రివేణి స్కూటీ సైదమ్మ వాకిట్లో ఆగేది. బీపీ చూసేది, మోకాళ్లకు మందు రాసేది, చాయ్ తాగుతూ ముచ్చట్లు పెట్టేది. గోడకివతల మా అత్త మిరపకాయలు తొడిమలు తీస్తున్నట్టు నటిస్తూ, చెవులు మాత్రం అటే పారేసేది.

"చూడే స్వర్ణా, నర్సుతోని కాళ్లు పిసికిచ్చుకుంటాంది, మారాణి! నాకు గాదూ గిట్ల చెయ్యాల్సింది?"

"తన్నింది నువ్వే గదత్తా" అంటే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అంతలో తుమ్మ ముల్లు మా అత్త అరికాల్లో విరిగింది. ఆకు పసరు పిండి గుడ్డ కట్టుకుంది. చక్కెర ఒంట్లో పుండు మానుతుందా? వాసన మొదలైంది. నా పెనిమిటి మందను మేపుకుంటూ దూరదేశం పోయాడు. ఆటో పిలుస్తానంటే, "దానికి ఇంటికొచ్చి చేస్తరు, నేను ఆటోల పడి పోవాల్నా?" అంది. నర్సును నేను పిలుస్తానంటే, "పిలిస్తే బాయిల దుంకుత. దాని ఇంటికి ఎవరన్న పిలిస్తే వస్తాందా?" అంది. చివరికి ఒకరోజు గొర్రెలకు పూసే జాజే తెచ్చి మా గడప మీద పెద్ద చుక్క పెట్టుకుంది. మంగళవారం త్రివేణి దాన్ని చూసి, "పండుగకు గడపలకు జాజు పూసుడు షురూ చేసిన్రా?" అని నవ్వుకుంటూ సైదమ్మ ఇంట్లోకి పోయింది. మా అత్త ఆ రోజు బువ్వ ముట్టలేదు.

నాలుగు దినాలకు జ్వరం పట్టుకుంది. గోడ మీద తిట్లు ఆగిపోయాయి. బాయిలో దూకినా సరేనని, మంగళవారం పొద్దున త్రివేణి కోసం వాకిట్లోకి పోయాను. చూద్దును కదా, సైదమ్మ గోడ పట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తూ మా ఇంటికే వస్తోంది. వచ్చి, అరుగు మీద కూలబడి రొప్పింది. వెనకే వచ్చిన త్రివేణి బిత్తరపోయింది.

"అవ్వా, నడువొద్దన్న గద!"

"నన్ను జూడాల్నంటే ఈడనే జూడు. ముందుగాల లోపలున్నదాన్ని జూడు. రెండు దినాల సంది అది నన్ను తిడుతలేదు."

సైదమ్మను పట్టుకుని లోపలికి వచ్చిన త్రివేణి మా అత్త కాలి గుడ్డ విప్పింది. ఒక వేలు నల్లబడిపోయింది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది. "వేలు దక్కదు. ఇంక రెండు దినాలైతే కాలే పోతుండె" అంది నాతో.

ఆ జ్వరంలో కూడా మా అత్త కళ్లు తెరిచి సైదమ్మనే చూసింది.

"నడువరాదని చుక్క పెట్టిచ్చుకుంటివి. ఎట్ల నడిచినవే, దొంగదానా?"

"నీ మీది కోపంతోనే నడిచిన. నాకన్న ముందుగాల పోయి అత్త పక్కన కూసుందామనుకుంటున్నవేమో! నేను పోనియ్య." సైదమ్మ మంచం పట్టె పట్టుకుని పక్కన కూర్చుంది. "అత్త బతికినన్ని దినాలు 'గుర్వి చేతి బువ్వనే తింట' అన్నది. నేను గిన్నె పట్టుకొని పోతే మొకం తిప్పుకునేది. నాకు దక్కింది ఆ గుక్కెడు నీళ్లే అక్కా. గవి గూడ ఓర్వకపోతివి."

మా అత్త గోడకేసి తిరిగి పడుకుంది. వాడ మలుపులో అంబులెన్సు కూత వినిపించింది. నేను చెంబు తీసుకుని దగ్గరికి పోతే చేత్తో నెట్టేసింది.

"సైదీ, నీళ్లు పొయ్యే."

సైదమ్మ నా చేతిలోని చెంబు లాక్కుని, తల ఎత్తిపట్టి తాగించింది. సగం నీళ్లు మెడ మీదే ఒలికాయి. మా అత్త మూతి తుడుచుకుంది.

"నీళ్లు పోసుడు గూడ రాదు దీనికి. ఏం జూసి పిలిచిందో ముసల్ది!"