మా ఆవిడకు సైకిల్ నేర్పినవాడు

దసరా రోజు పొద్దున కిరాయి సైకిల్ మీద దిల్‌సుఖ్‌నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్లొచ్చానని మా పార్కు మిత్రులందరికీ చెప్పాను. దారిలో ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదని కూడా చెప్పాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి కొంత తగ్గించుకుంటాను. ఎల్బీనగర్ చౌరస్తా దాకా వెళ్లాను. సరే, చౌరస్తా కనిపించేంత దూరం వెళ్లాను. కాలు చాలాసార్లు పెట్టాను. ఒకసారి మోచెయ్యి కూడా పెట్టాను.

పండగ సెలవులకు సగం నగరం ఖాళీ అవుతుంది. మామూలు రోజుల్లో దాటడానికే దేవుణ్ని తలుచుకోవలసిన మా మెయిన్ రోడ్డు, ఆ పొద్దున మెట్రో స్తంభాల కింద తీరుబడిగా పడుకుని ఉంది. మా సందు మొదట్లో, సెలవుల్లో పిల్లలకు గంటల లెక్కన సైకిళ్లు ఇచ్చే దుకాణం ఒకటుంది. అక్కడ గేర్ల సైకిల్ తీసుకున్నాను. గేర్లు ఎందుకో నాకు తెలియదు. మా ఆవిడ చూస్తుండగా ఆ మాట అనలేను కదా.

ఆమె వచ్చింది నేను పడితే చూద్దామని. కాసేపు చూసి, దుకాణం అతనితో, "బిడ్డా, నాక్గూడ ఒకటియ్యి. ఆడోళ్లది" అంది.

"నీకొస్తదా?" అన్నాను.

ఆమె కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, ఎక్కి వెళ్లిపోయింది. పైగా బెల్లు కొట్టుకుంటూ. మనవలు పుట్టాక గానీ నా భార్యకు సైకిల్ వచ్చని నాకు తెలియలేదు.

కొత్తపేటలో ఒకప్పటి పళ్ల మార్కెట్ దాకా ఆమె వీపే చూస్తూ తొక్కాను. గేరేదో నొక్కితే కాళ్లు గిరగిరా తిరిగాయి గానీ సైకిల్ కదల్లేదు. ఇంకోటి నొక్కితే గొలుసు ఊడింది. నేను రోడ్డు మీద పడ్డాను. ఆమె వెనక్కి వచ్చి, దిగి, గొలుసు ఎక్కించి, నల్లబడిన వేళ్లు నా చొక్కాకే తుడిచింది.

"ఎవలు నేర్పిండ్రే నీకు?"

"మా బావ."

బావంటే ఆమె మేనత్త కొడుకు. మా వైపు పిల్లను ముందు అడిగేది అటువంటి బావకే. ఇప్పుడు ఎల్బీనగర్‌లోనే ఉంటాడు. ఏటా దసరా సాయంత్రం వచ్చి, మా చేతుల్లో జమ్మి ఆకు పెట్టి, నన్ను గట్టిగా కౌగిలించుకుని, గారెలు తిని పోతాడు. వరసకు నాకు అన్న. ఇన్నేళ్లూ ఆ కౌగిలిని నేను అన్న కౌగిలి అనే అనుకున్నాను.

ఎల్బీనగర్‌కు కాస్త ఇవతల చాయ్ బండి దగ్గర ఆగాం.

"ఎనక సీటు పట్టుకొని ఉరికిండా?"

"ఉరకకుంటే ఎట్ల నేర్పుతడు?"

"ఎన్ని దినాలు?"

"గదంత నీకెందుకయ్యా గిప్పుడు? చాయ్ చల్లగైతుంది."

చాయ్ సంగతి నాకు పట్టలేదు. "వాళ్లు నిన్ను అడిగిండ్రా, పెళ్లికి?"

ఆమె గ్లాసు ఊదుకుంది. "అడిగిండ్రు. మా నాయిన సరే అన్నడు. నేనే ఒద్దన్న."

"ఎందుకు?"

"సీటు ఇడ్వలే. నాకొచ్చింది, ఇగ ఇడువు బావా అంటే, పడ్తవ్ పడ్తవ్ అనుకుంట ఎనకనే ఉరికిండు. అట్ల జిందగీ మొత్తం ఎట్ల తొక్కుత?"

"మరి నేను?"

"నువ్వు ఎన్నడన్న పట్టుకున్నవా ఏంది, ఇడ్వనీకి?"

ఇది మెచ్చుకోలని పార్కులో అందరికీ చెప్పాను. ఇంట్లో ఒక్కణ్నీ కూర్చుని ఆలోచిస్తే, కాదేమో అనిపించింది.

తిరుగు దారిలో నేను సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను. కళ్లముందు అతనే: ఒత్తయిన జుట్టు, ఆయాసం లేని పరుగు, చేతిలో ఆ సీటు. ఇప్పుడతనికి బట్టతల. అది గుర్తుచేసుకున్నా ఊరట కలగలేదు. ఒద్దంది సరే, ఆ పరుగును ఇంత కాలం గుర్తుపెట్టుకోవడమెందుకు?

సాయంత్రం అతనొచ్చాడు. జమ్మి పెట్టాడు. నేను కౌగిలించుకున్నాను, కావలసిన దానికన్నా గట్టిగా. "అబ్బ, పక్కలిరుగుతయ్" అంటూ విడిపించుకుని, నా మోచేతి మీద పట్టీ చూశాడు.

"ఏమైంది తమ్మీ?"

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి ఆమె గారెల పళ్లెంతో వచ్చింది. నా గొప్పలు ఒక్కటి కూడా తన ముందు సాగనివ్వని మనిషి. ఇక అయిపోయాననుకున్నాను.

"పొద్దుగాల సైకిల్ తొక్కిండు. ఏం తొక్కుడది! ఈయన ముంగట వోతుంటే నేను అందుకోలేకపోయిన, బావా."

"శభాష్ తమ్మీ!" అన్నాడతను నా భుజం చరిచి.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నావైపు చూడకుండా పళ్లెం కింద పెట్టింది. నాకోసం అబద్ధమాడింది, అదీ అతని ముందు. ఒక్కటే బాధ. చివర్లో ఆ "బావా" అన్న మాట అంత తియ్యగా అనాల్సిన పని లేదు.