మెత్తది తేవద్దన్నారు

శంషాబాద్‌లో విమానాశ్రయం మాటే ఎవరూ ఎత్తని తొంభైల్లో మేము అక్కడ అద్దెకు దిగాం. మా ఆయనకు కొత్తూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంటి యజమానురాలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. మనసులో మాత్రం ఆవిడ మాట తీరంటే చులకన. గోదావరి ఒడ్డున పుట్టాను కదా, అసలైన తెలుగు నా ఒక్కదాని సొత్తనుకునే పొగరు. ఆ పొగరుకి అప్పుడే రెండు చీపురు దెబ్బలు పడి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది బజారులో మా కోస్తా మేడమ్ ఒకావిడ లేసు క్లాసు పెట్టింది. మా వైపు కొక్కెం సూదితో అల్లే లేసు కాదది. గడ్డి దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చెక్క పుల్లల్ని అటూ ఇటూ మారుస్తూ అల్లాలి. నేర్చుకున్నవాళ్లకు ఇంటికే పని ఇస్తానంది. అక్క అంతకు ముందు ఏడాది బావి గట్టు మీంచి జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. నాట్లకూ కలుపుకూ వంగలేదు.

"కూసోని చేసే పని దొరికితే చాలు, ఇగ ఇంట్ల ఎవ్వల ముంగట చెయ్యి చాపొద్దు" అంటూ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ఇద్దరి పేర్లూ రాయించింది. సోమవారానికి ఎవరి దిండు వాళ్లు తేవాలి, తేనివాళ్లకు సీటు లేదని మేడమ్ ముందే చెప్పింది.

దిండ్లు రెండూ అక్కే చేసింది. వరిగడ్డిని కొడవలితో బెత్తెడు ముక్కలుగా కోసి, మందపాటి గుడ్డ సంచిలో గుప్పెడు గుప్పెడు కూరి, రోకలితో దంచింది. దంచిన కొద్దీ గడ్డి దిగేది, మళ్లీ కూరేది. అలా మూడు రోజులు. నేను చేసిన ఘనకార్యం సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం.

ఆదివారం మేడమ్ దారిలో కనిపించింది. దిండు గట్టిగా ఉండాలని, దూది కూరి మెత్తగా చేసి తేవద్దని మీ అక్కకి కూడా చెప్పమంది. ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడుతోంది. వంటింట్లోంచే అరిచాను.

"అక్కా, మెత్తది తేవద్దన్నారు!"

"మెత్త తేవొద్దన్నరా? మొన్న తెమ్మన్నరు గద, ఇదేంది?"

"అబ్బబ్బా, వద్దన్నారంటే వద్దన్నారు! ఎన్నిసార్లు చెప్పాలి?"

అక్కడివాళ్లు దిండునే మెత్త అంటారని నాకు తెలియక కాదు. ఏడాదిగా వింటూనే ఉన్నాను. వాళ్ల మాటని లెక్కచేస్తే కదా!

సోమవారం నేను ముందే వెళ్లిపోయాను. మేడమ్ నా దిండులో సూది గుచ్చింది. సూది బెసక్కుండా నిటారుగా నిలబడింది.

"భలే గట్టిగా ఉందే! ఎవరు చేశారు?"

"నేనేనండీ" అన్నాను. నా నోరు పడిపోను!

బర్రె పాలు పిండి, కాసేపటికి అక్క కుంటుకుంటూ వచ్చింది. చేతిలో దిండు లేదు. ఏదని మేడమ్ అడిగింది.

"మెత్త తేవొద్దన్నరంట గద మేడమ్" అంటూ అక్క నావైపు చూసింది.

గదిలో ఒకటే నవ్వులు. అక్కడున్నవాళ్లంతా మా వైపువాళ్లే. "దిండే వద్దంటే నెత్తి మీద అల్లుతావా అమ్మా?" అంది మేడమ్. "ఇంట్ల ఉన్నది, ఇప్పుడే తెస్త" అని అక్క బతిమాలింది. గుమ్మం దగ్గర ఇంకొకావిడ దిండు పట్టుకుని నిలబడి ఉంది. ఆ సీటు ఆవిడకి వెళ్లిపోయింది.

తప్పుగా చెప్పింది నేనేనంటే సరిపోయేది. కానీ అలా అంటే అక్క తన దిండు తెస్తుంది, రెండూ పక్కపక్కన చూస్తే నా దిండు చేసిందెవరో కూడా బయటపడుతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పెదవే దాటలేదు. పైగా, సిగ్గులేని దాన్ని, అందరితో పాటు నేనూ నవ్వాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క తన దిండు కుట్లు విప్పి, గడ్డిని బర్రె ముందు పోస్తోంది. దగ్గరికి వెళ్లి, "తప్పు నాదేనక్కా, రేపు మేడమ్‌తో చెబుతాను" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు.

"రేపేంది? ఇయ్యాల నీకు నోరు లేకుండెనా?"