మూడో నంబర్ బండి ఆగిన గల్లీ

దయ్యాలున్నయని ఎవరన్న అంటే, "వాటి ఫ్రీక్వెన్సీ ఎంతో చెప్పుండ్రి, వైర్‌లెస్ సెట్టుల పట్టి మీకే వినిపిస్త" అని ఎక్కిరించేటోణ్ణి. తొమ్మిదో తరగతిల నేను బడిని ఇడిసిపెట్టిన, బడి నన్ను ఇడిసిపెట్టింది. ఇద్దరికీ హాయి. నల్గొండ దిక్కు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల వైర్‌లెస్ సెట్ల రిపేరు నేర్చుకున్న. వైరుంటే మాట వస్తది, తెగితే రాదు. నాకు తెలిసిన వేదాంతమంత గంతే. గిది చదివి మీరు నవ్వినా నేనేమనుకోను. వేరేటోళ్లు చెప్తే నేనూ నవ్వేటోణ్ణే.

తెలంగాణ కోసం బందులు, రాస్తారోకోలు నడుస్తున్న రోజులు. ఎల్‌బీ నగర్‌ల ఒక ప్రైవేటు అంబులెన్సుల ఆఫీసు ఉండె. నాలుగు బండ్లు. ఏ రోడ్డు ఎప్పుడు బందయితదో తెల్వక ఓనర్ సారు పరేషానయ్యి నన్ను పిలిచిండు. ఆయనది గుంటూరు దిక్కు. "ఏమయ్యా, బండి ఎక్కడుందో డ్రైవరు చెప్పకుండానే నాకు కనపడాలి. కుదురుద్దా?" అన్నడు.

"మనకు కుదురుద్ది సార్, డ్రైవర్లకే కుదరదు" అన్న.

పని పెద్దదేం కాదు. ఒక్కో బండ్ల ఉన్న సెట్టుకు జీపీఎస్ డబ్బా తగిలించిన. అది నిమిషానికోసారి బండి ఉన్న జాగను పంపుతది. ఆఫీసుల టేబుల్ మీద ఉండే బేస్ సెట్టు దాన్ని పట్టుకుంటది. ఆ బేస్ సెట్టు వెనక సాకెట్ నుంచి వైరు తీసి కంప్యూటర్‌కు కలిపిన. తెర మీద మ్యాపు, మ్యాపు మీద నాలుగు చుక్కలు, పక్కన బండి నంబరు, టైము. పది రోజులు చూసిన. ఒక్క చుక్క తప్పు చూపలే.

పదకొండో రోజు బంద్. మా యాదమ్మక్కకు కిడ్నీలు ఖరాబై డయాలసిస్ నడుస్తుండె. బందుల వల్ల అప్పటికే ఒకసారి తప్పింది. కాళ్లు ఉబ్బినయి, పండుకుంటే ఊపిరాడతలేదు. ఆ పొద్దు కూడ దవాఖానకు చేరకపోతే ఏమైతదో డాక్టరు దాచకుండ చెప్పిండు. డ్రైవర్ మల్లేశ్ అల్మాస్‌గూడ పోయి అక్కను మూడో నంబర్ బండ్ల ఎక్కించుకున్నడు. వెనక అక్క ఒక్కతే. నేను తొవ్వ చెప్పాలె గదా, ఆఫీసుల తెర ముందల కూసున్న.

పదకొండు దాటినంక మల్లేశ్ సెట్టుల పిలిచిండు. "అన్నా, కర్మన్‌ఘాట్ కాడ ఆగిన. ముందల టైర్లు కాలవెట్టిండ్రు. సరూర్‌నగర్ చెరువు వెనక గల్లీలకెళ్లి మళ్లియ్యాల్నా?"

తెర చూసిన. మూడో నంబర్ చుక్క అప్పటికే చెరువు వెనక గల్లీల ఉంది. ఆగి ఉంది.

"నువ్వు గల్లీలనే ఉన్నవు గదరా!"

"పొద్దుగాల్నే మందేసినవా అన్నా? గీడ పొగకు నా కండ్లు మండుతున్నయి. లొల్లి ఇనబడతలేదా?"

ఇనబడుతుంది. నినాదాలు సెట్టుల సాఫ్‌గ ఇనబడుతున్నయి.

వాన్ని జర ఆగమని వైరు చూసిన. మిగిలిన మూడు చుక్కలు సరిగ్గనే ఉన్నయి. కంప్యూటర్ పాత జాగనే పట్టుకొని కూసుందేమో అనుకుంటే, టైము ఆగలే. నిమిషానికోసారి కొత్త టైము, అదే జాగ. పైగా ఆ గల్లీకి మూడో నంబర్ ఎన్నడూ పోలే. పోని జాగ దానికి ఎట్ల తెలుస్తది?

మామూలుగ అయితే గల్లీలకే మళ్లియ్యమందును. నోరు రాలే. "ఆ గల్లీకి పోకు. హారన్ కొట్టుకుంట సీదా పో, దండం పెట్టి అడుగు" అన్న. మల్లేశ్ గునుసుకుంటనే పోయిండు. బంద్ చేస్తున్నోళ్లే "జరుగుండ్రి, అంబులెన్స్, అంబులెన్స్!" అని ఒర్రుకుంట టైర్లు పక్కకు గుంజి తొవ్వ ఇచ్చిండ్రు. అది కూడ సెట్టుల ఇన్న.

"దవాఖాన కాడికి వచ్చినం, అక్కను దించుతున్నరు" అని మల్లేశ్ చెప్పేదాక నేను ఒక్కకాడ కూసోలే. లేచుడు, కిటికీ కాడికి పోవుడు, మళ్ల తెర చూసుడు. చుక్క ముప్పై ఆరు నిమిషాలు ఆ గల్లీలనే ఉంది. అక్కను దించుతున్నరని వాడు చెప్పిన నిమిషంలనే దవాఖాన మీదికి వచ్చింది. నడుమ తొవ్వల ఎక్కడా కనబడలే. ఆ గల్లీ జాగ నంబర్లు కాయితం మీద రాసుకున్న. ఎవ్వరికీ చెప్పలే.

సాయంత్రం దవాఖానకు పోయిన. అక్క మొకం తేటగైంది. నన్ను చూడంగనే, "ఆ గేటు కాడ గంతసేపు ఎందుకు ఆపిచ్చినవ్‌రా?" అంది.

"ఏ గేటక్కా?"

"నీలం గేటు. లోపట కుట్టుమిషిని చప్పుడైతుండె. ఒకామె వచ్చి బండి ఎనక తలుపు తీసి, చెంబు అందిచ్చి, తాగు బిడ్డా అంది. కిడ్నీల బీమారికి నేను నీళ్లు కొలిచి తాగాలె గదా. మళ్లొచ్చినప్పుడు తాగుతనమ్మా అన్న."

మల్లేశ్‌ను అడిగిన. కర్మన్‌ఘాట్ కాడ తప్ప బండి ఆపలేదని, దవాఖాన దాక వెనక తలుపు తెరువలేదని వాళ్లమ్మ మీద ఒట్టేసిండు. సోయి లేనప్పుడు ఏవేవో కనబడుతయన్నడు డాక్టరు. అయితుండొచ్చు. మరి కంప్యూటర్‌కు ఏ సోయి తప్పింది?

తర్వాతి ఆదివారం ఆ కాయితం పట్టుకొని బైక్ మీద పోయిన. గల్లీ మలుపు తిరగంగనే నీలం గేటు కనబడ్డది. లోపల మిషిని చప్పుడు. తెల్వని ఇంటికి పోయి కూడ "అమ్మా, జర నీళ్లిస్తరా" అని మాట కలిపేటోణ్ణి నేను. ఆడ మాత్రం బైక్ దిగలే. అట్లనే మళ్లుకున్న.

తర్వాత వైర్లన్నీ ఇప్పిన, డబ్బా మార్చిన, బేస్ సెట్టు మార్చిన. తప్పు దొరకలే. ఇన్నేండ్లయినా నాకు సమఝ్ గాలే, ఇగ అయితదన్న ఆశ కూడ లేదు.

అక్క మాత్రం అప్పుడప్పుడు అడుగుతనే ఉంటది. "ఆ ఇల్లు యాడరా? ఆమెకు మాటిచ్చిన. ఒక్కసారి తీస్కపో."

"తెల్వదక్కా" అంట నేను.