సూరిబాబు నాలుగో గేరు

2003 వేసవిలో నన్ను రాజమండ్రి ఏరియా ఆఫీసుకి సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ట్రాక్టర్ల కంపెనీలో అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. హోదాలో ‘సీనియర్’ అని ఉన్నా, నా కింద ఉన్నది ఒక మెకానిక్కు, ఒక పాత జీపు. ఈ రెండింటిలో పిలిస్తే కదిలేది మెకానిక్కు ఒక్కడే.

చేరిన వారానికే హెడ్డాఫీసు నుంచి రెండు చిన్న ట్రాక్టర్లు లారీలో దిగాయి. ఇంజను ఒకటే, చక్రాలు ఒకటే, రంగు కూడా ఒకటే. తేడా అంతా ఇంజను బలం చక్రాలకి చేరే దారిలో ఉంది. మొదటిది అందరికీ తెలిసిన గేర్ల బండి. క్లచ్ తొక్కాలి, రాడ్డు లాగి గేరు వేయాలి, క్లచ్ వదలాలి. రెండోది హైడ్రోస్టాటిక్. అందులో ఒక పంపు నూనెను ఒత్తిడితో తోస్తే, ఆ నూనె చక్రాలను తిప్పుతుంది. క్లచ్ లేదు, గేరు రాడ్డు లేదు. కుడికాలి కింద ఒక పెడల్ ఉంటుంది. మునివేళ్లతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే వెనక్కి, కాలు తీస్తే ఆగుతుంది. బ్రేకు ఎడమ పక్కన.

వరిమడిని బురదలో కలియదున్నే దమ్ములోనూ, దుక్కిలోనూ గేర్ల బండికి తిరుగులేదు. రెండోది కొంత బలాన్ని నూనె వేడికే పోగొట్టుకుంటుంది కానీ, మాటిమాటికీ ముందుకీ వెనక్కీ పోవలసిన ఇరుకు చోట్ల దానిదే పైచేయి. డెల్టాలో ఏది అమ్మాలో తేల్చమని నాకు రెండు వారాల గడువిచ్చారు. చివరిరోజు రీజినల్ మేనేజరు గారు స్వయంగా వచ్చి చూస్తారు. నా ప్రమోషను ఆ రిపోర్టు మీదే ఉందని ఆయన ఫోన్లో రెండుసార్లు గుర్తుచేశారు.

కడియం దగ్గర వీర్రాజు గారి నర్సరీని ఎంచుకున్నాను. ఎడ్లబండికి కూడా చాలని దారులు, రెండు పక్కలా పూలకుండీలు. ఆయన డ్రైవరు సూరిబాబు ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటి ట్రాక్టర్లన్నీ నడిపినవాడు. ఏ బండి కొనాలో వీర్రాజు గారు ఆలోచించేవారు, సూరిబాబు నిర్ణయించేవాడు.

సూరిబాబు హైడ్రోస్టాటిక్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు కింద కూడా వంగి చూశాడు.

“రాడ్డు లారీలో మర్చిపోయినట్టున్నారండి,” అన్నాడు.

అసలు ఉండదని వివరించాను.

“ఆయ్. అయితే ఇది బండి కాదండి, కుర్చీ.”

అయినా మర్యాద కోసం ఎక్కాడు. వీర్రాజు గారు అలవాటు ప్రకారం ఎడమ మడ్‌గార్డు మీద కూర్చున్నారు. పది గజాలు వెళ్లాక సూరిబాబు ఎడమచెయ్యి రెండో గేరు కోసం వెతికి, వీర్రాజు గారి మోకాలు పట్టుకుని గట్టిగా వెనక్కి లాగింది. ఆయన కేక వేశారు. ఆ కేకకి సూరిబాబు కంగారుపడి, ఇరవై రెండేళ్లుగా బ్రేకు ఉన్న చోట కుడికాలు అదిమాడు. అక్కడిప్పుడు బ్రేకు లేదు. బండి ఒక్క దూకున క్రోటన్ల మీదికి పోయింది. బెదిరి వేళ్లు పైకెత్తితే బరువంతా మడమ మీద పడి, అదే వేగంతో వెనక్కి గులాబీల్లోకి వచ్చింది. మళ్లీ క్రోటన్లు, మళ్లీ గులాబీలు. నేను పక్కనే పరిగెడుతూ “కాలు తియ్యి!” అని అరిచాను. అతను వినయంగా ఎడమకాలు తీశాడు. చివరికి వీర్రాజు గారే వంగి తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశారు.

ట్రయల్ రిపోర్టులో సంఘటనలు రాసే గడి ఉంటుంది. ‘ఆపరేటరు అలవాటుపడే దశలో ఉన్నారు’ అని రాశాను.

ఆ తర్వాత నాలుగు రోజులు సూరిబాబు గేర్ల బండే నడిపాడు. ఒక్క కుండీ కూడా కదల్లేదు. కానీ ప్రతి మలుపులోనూ క్లచ్ తొక్కి, గేరు మార్చి, వెనక్కి తీసి, మళ్లీ ముందుకి పోవాలి. సాయంత్రానికి ఎడమకాలు ఈడ్చుకుంటూ దిగేవాడు. పని మాత్రం సగమే తెమిలేది. నర్సరీ పనంతా చూసుకునేది వీర్రాజు గారి భార్య సత్యవతి గారు. ఆవిడ నాతో అన్నారు: “ఆ రెండో బండే మాకు పనికొస్తుందండి. సూరిబాబుకి కావలసింది గేరు కాదు, రాడ్డు. ఓ రాడ్డు పెట్టించెయ్యండి.”

రాతపూర్వక అనుమతి లేకుండా ట్రయల్ బండికి ఏ మార్పూ చేయకూడదన్నది కంపెనీ నిబంధన. ఆ సంగతి బాగా తెలిసే, వెల్డింగు షాపుకి వెళ్లి పాత ట్రాక్టరు గేరు రాడ్డొకటి బిగించాను. ముందుకీ వెనక్కీ నాలుగు చోట్ల ‘టక్’ మని ఆగుతుంది. కింద ఒక స్ప్రింగు తప్ప ఏమీ లేదు. “రాడ్డు పెట్టించాను” అని మాత్రం సూరిబాబుతో చెప్పాను. అది ఏం చేస్తుందని అతను అడగలేదు.

మర్నాటి నుంచి బండి నల్లేరు మీద నడకే. బయల్దేరేటప్పుడు ఒకటో గేరు, దారి మధ్యలో రెండు, మలుపులో మళ్లీ ఒకటి. చెయ్యి తన పనిలో ఉంటే కాలు తన పని నేర్చుకుంది. వీర్రాజు గారు ధైర్యం చేసి మళ్లీ మడ్‌గార్డు ఎక్కారు.

మేనేజరు గారు వచ్చే ఉదయం రాడ్డు ఊడదీద్దామనుకున్నాను. జీపు కదలక ఆలస్యమైంది. నేను చేరేసరికి ఆయన తెల్ల బూట్లతో బండి పక్కనే నిలబడి ఉన్నారు.

“ఈ లివర్ ఏంటయ్యా?” అని నన్నే అడిగారు. రాడ్డు ఊడదీయడానికి తెచ్చిన పానాని నేను వీపు వెనక్కి దాచుకున్నాను.

“గేరండి,” అన్నాడు సూరిబాబు సీటు మీంచి. “ఇప్పుడు నాలుగో దాంట్లో ఉందండి. మూడైతే గులాబీలు అదురుతాయండి.”

హైడ్రోస్టాటిక్ గురించి మీటింగుల్లో మాట్లాడటమే తప్ప ఆయన ఎన్నడూ నడపలేదు. తెలియదని ఒప్పుకునే హోదా కూడా కాదు. తానే ఎక్కి, కొంతదూరం పోయి, రాడ్డు నాలుగు నుంచి మూడుకి లాగారు. “అవును, తేడా తెలుస్తోంది,” అని దిగి నోటుబుక్కులో రాసుకున్నారు.

పది రోజులకి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మేనేజరు గారు మెచ్చుకున్న ఆ లివర్ విడిభాగాల పుస్తకంలో కనబడటం లేదు, డ్రాయింగు పంపమన్నారు. నేను మూడు పేజీల్లో ఉన్నదున్నట్టు రాసి పంపాను. ఆ ఏడాది ప్రమోషను రాలేదు. బండిని యథాస్థితికి తెమ్మని మాత్రం ఆదేశం వచ్చింది.

సూరిబాబుకి ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మథనపడుతూ వెళ్లాను. అతనే పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“తీసెయ్యండి. కింద ఏమీ లేదని రాడ్డు పెట్టిన రోజే చూశానండి. చెయ్యి ఊరుకోదు కదండి, అందుకని ఉంచుకున్నాను. ఇప్పుడు అక్కర్లేదండి.”

“మరి సారుతో నాలుగో గేరని చెప్పావేం?”

“మీ ముఖం చూశానండి.”

వీర్రాజు గారు ఆ హైడ్రోస్టాటిక్ బండే కొన్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చిన్న ట్రాక్టరు కోసం వచ్చినవారికి నేను చెప్పింది ఒకటే. ఎక్కువ పని దమ్ములో అయితే గేర్ల బండి, ఇరుకు దారుల్లో అయితే హైడ్రోస్టాటిక్. ట్రయల్‌కి వెళ్లినప్పుడు మాత్రం మొదటి మూడు రోజులు రిపోర్టు కాగితం బయటికి తీసేవాణ్ణి కాదు. ఆ మూడు రోజుల్లో తెలిసేది డ్రైవరు పాత అలవాటే తప్ప కొత్త బండి గుణం కాదు.