నాయన అద్దంలో పడని బొమ్మ

దెయ్యాల మాటెత్తితే పగలబడి నవ్వే మనిషిని నేను. పైగా నాకు కూడు పెడుతున్నవే అవి. నంద్యాలలో అద్దెగదిలో కూర్చుని వీడియో గేములకు కంప్యూటర్లో బొమ్మలు చేస్తాను. అప్పుడు చేస్తున్నది ఒక రక్తపిశాచిని. ఆ గేములో హీరో వాడే. పాడుబడిన కోటలో కత్తి పట్టి రాక్షసులతో పోరాడతాడు, రక్తం తాగితేనే వాడికి బలం.

మా నాయన ఆళ్లగడ్డలో శిల్పి. రాతిముక్క ఎగిరి తగిలి ఆయన ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికంటికి శుక్లం వస్తే ఆపరేషన్ చేయించి నా దగ్గరే ఉంచుకున్నాను. ఊళ్లో షెడ్డులో అమ్మవారి విగ్రహం అంతా పూర్తయింది, కళ్లొక్కటే మిగిలాయి. చూపు సరిగా రాకపోతే వాటిని ఇంకెవరో చెక్కాలి. నాయన ఆ మాట పైకి అనలేదు గానీ, రోజూ అన్నం సగంలో వదిలేసేవాడు.

కట్టు విప్పిన మూడో రోజు పొద్దున, పదకొండు గంటలప్పుడు, నా వెనక వచ్చి నిలబడ్డాడు. తెర మీద మా రక్తపిశాచి సింహాసనం పక్కన ఉన్నాడు. ఒళ్లు సగమే అయింది, కళ్లు మాత్రం ఎర్రగా పెట్టేశాను.

"ఏంది పాపా, కండ్లు ముందే పెట్టినావ్? అద్దమన్నా చూపిచ్చినావా?"

మా ఇంటి పద్ధతి అది. విగ్రహానికి కళ్లు చివర తెరుస్తారు. తెరవగానే ఎదురుగా అద్దం పెడతారు, తొలిచూపు మనిషి మీద పడకూడదని. కంప్యూటర్ బొమ్మకు ఇవన్నీ ఎందుకని నవ్వాను.

నాయన నవ్వలేదు. ఉలుల సంచిలోంచి తన అద్దం తీసి తెరకు ఎదురుగా పట్టుకున్నాడు. పక్కనుంచి అందులోకి తొంగిచూశాడు.

"కుర్చీ కనపడతాండాది, దీపాలు కనపడతాండాయి. వాడు కనపడ్డంల్యా. నా కన్ను పాయె పాపా."

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. లేచి అద్దంలోకి చూశాను. సింహాసనం ఉంది. దీపాలు ఉన్నాయి. అంచున నా భుజం కూడా ఉంది. వాడు లేడు. తల తిప్పి తెర చూస్తే ఉన్నాడు. గేము కథలో వాడు అద్దంలో కనపడడు, నిజమే. కానీ ఇది ఆళ్లగడ్డ బజార్లో కొన్న అద్దం.

ఒళ్లు గగుర్పొడిచింది. అది భయం కాదు. చిన్నప్పుడు మొదటిసారి పెద్ద విగ్రహం ముందు నిలబడినప్పటి లాంటిది.

"నీ కన్ను బాగుండాది నాయనా. నాకూ కనపడ్డంల్యా."

నాయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. అబద్ధం కాదని తేలాక కుర్చీలో కూలబడి, "అయితే తీసెయ్. ఆఖర్న పెట్టు" అన్నాడు.

కళ్లు తీసేశాను. నాలుగు రోజుల్లో మిగతాదంతా పూర్తిచేసి, చివర కళ్లు పెట్టాను. నాయన అద్దం పట్టాడు. ఈసారి వాడు అందులో ఉన్నాడు, తనను తానే చూసుకుంటూ.

తర్వాత తెరను, అద్దాన్ని, వెలుతురును ఎన్ని రకాలుగా మార్చి చూశానో. మళ్లీ అట్లా జరగలేదు. ఎందుకు జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

నెల తిరిగాక ఆళ్లగడ్డలో నాయన అమ్మవారి కళ్లు చెక్కాడు. ఎప్పుడూ అద్దం తనే పట్టేవాడు. ఆ రోజు నా చేతికిచ్చాడు. ఆఖరి దెబ్బ వేసి పక్కకు తప్పుకుని, విగ్రహం వైపు చూడకుండానే అడిగాడు.

"కనపడతాండాదా పాపా?"

"కనపడతాండాది నాయనా."

అప్పుడు ఉలి కింద పెట్టాడు.