ఇప్పచెట్టు కింద మంట

డిగ్రీ మొదటి సంవత్సరంలో మాకు పర్యావరణ విద్య అని ఒక పేపరు కొత్తగా వచ్చింది. పాసైతే చాలు, ఆ మార్కులు ఎక్కడా కలపరు. అందుకని భద్రాచలంలోని మా కాలేజీలో ఆ పుస్తకాన్ని పరీక్ష ముందురోజు తప్ప ఎవరూ తెరిచేవారు కాదు. నేను మాత్రం మూడుసార్లు చదివాను. అప్పటిదాకా నేనెవరినో చెప్పుకోవడానికి నాకంటూ ఏమీ లేదు. మణుగూరు కాలనీ పిల్లని, బొగ్గు గనిలో డంపర్ నడిపే ఆయన కూతుర్ని, అంతే. ఆ పుస్తకం చదివాక నేను పర్యావరణవాదినయ్యాను. ఆ మాట ఎంత నచ్చిందంటే నోటుపుస్తకాల అట్టల మీద నా పేరు కింద డిగ్రీలాగా రాసుకునేదాన్ని.

ఇప్పుడు తలుచుకుంటే నన్ను అందరూ ఎలా భరించారా అనిపిస్తుంది. టిఫిన్ సెంటర్లో ఇడ్లీలు కవర్లో కట్టబోతే వద్దని స్టీలు గిన్నె ముందుకు చాపేదాన్ని. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నా వెనక వరసలో ఉన్నవాళ్ళక్కూడా క్లాసు తీసుకునేదాన్ని. హాస్టల్లో ఎవరి గదిలో ఫ్యాను ఊరికే తిరుగుతున్నా అడక్కుండా వెళ్ళి కట్టేసేదాన్ని. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు, బొగ్గు వల్ల భూమి ఎలా వేడెక్కుతోందో నాన్నకి అన్నం తింటుండగా వివరించాను. ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. అంతా విని, "అయితే రేపటి సంది పోవద్దా బిడ్డా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

మెస్సులో నేను కూర్చున్న బల్ల దగ్గర ఎప్పుడూ ఖాళీ ఉండేది. నేను వస్తున్నానంటే పారేసే అన్నం కంచం అడుగున దాచేవాళ్ళని నాకు తెలుసు. బాధగానే ఉండేది. కానీ మంచి పని చేసేవాళ్ళు ఒంటరిగానే ఉంటారని ఎక్కడో చదివి, దాన్ని పట్టుకుని వేలాడేదాన్ని. ఒంటరిగా ఉండటం కూడా నా గొప్పతనంలో భాగమే అనుకున్నాను. అయినా సాయంత్రం వరండాలో అమ్మాయిలంతా గుంపుగా కూర్చుని జడలేసుకుంటుంటే, నేను పుస్తకం పట్టుకుని ఒకే పేజీ చూస్తూ ఉండేదాన్ని.

ఆ హాస్టల్ మొత్తంలో నా పక్కన కూర్చుని తినేది నా రూమ్మేట్ ఒక్కతే. ములకలపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక కోయగూడెం పిల్ల. నేను చెప్పేదంతా వినేది. బాగుందనీ అనేది కాదు, ఆపమనీ అనేది కాదు. ఒకసారి క్లాసులో సారు, మీలో పర్యావరణవాదులు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమన్నాడు. నా చెయ్యి ఒక్కటే లేచింది. ఆమె చెయ్యి ఒళ్ళోనే ఉంది. పాపం, అడవిలో పుట్టి కూడా ఈమెకి తెలియదు కదా అని జాలిపడ్డాను. ఆ రోజుల్లో నేను ఎవరి మీదైనా జాలిపడగలిగేదాన్ని.

మార్చి మొదట్లో రెండు రోజులు కలిసి సెలవులొస్తే, తనే మా ఊరికి వస్తావా అని అడిగింది. కాలేజీలో చేరాక నన్ను ఎవరైనా ఎక్కడికైనా రమ్మనడం అదే మొదటిసారి. పాల్వంచలో బస్సు మారి, ములకలపల్లిలో దిగి, ఆటో పోయినంత దూరం ఆటోలో పోయి, తర్వాత నడిచాం. వాళ్ళింట్లో నాకోసం మంచం వాకిట్లో వేశారు. వాళ్ళమ్మ సన్నగా, ఎప్పుడూ వంగి ఏదో ఒక పని చేస్తూ ఉండేది. కూతురితో కోయలో మాట్లాడేది. నాతో మాట్లాడేటప్పుడు తెలుగు మాటలు ఏరుకుని ఏరుకుని మాట్లాడేది.

అది ఇప్పపువ్వు రాలే కాలం. ఏరి ఎండబెట్టి అమ్ముకుంటే ఆ పువ్వు డబ్బులే వాళ్ళకి ఆధారం. అక్కడ ఇప్పచెట్లు అడవిలోనే ఉన్నా ఏ చెట్టు ఏ ఇంటివాళ్ళు ఏరుకోవాలో తాతల నాటి నుంచి ఒక లెక్క ఉంది. ఇంకొకరి చెట్టు కింద పువ్వు ముట్టుకోరు. వీళ్ళ చెట్టు గూడెం చివర, గుట్ట మొదట్లో ఉంది. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండాకు మోకాలి కింది దాకా పడి ఉంటే అందులో పడ్డ పువ్వు దొరకదు. అందుకని ముందే చెట్టు కింద ఆకుని కాలుస్తారు. ఆ పని మేం వెళ్ళిన సాయంత్రమే పెట్టుకుంది వాళ్ళమ్మ.

ముందు చెట్టు చుట్టూ, కొమ్మలు పరుచుకున్నంత మేర, చీపుర్లతో నేల కనపడేలా ఊడ్చి వెడల్పాటి గీత తీశారు. ఆ గీత దాటి నిప్పు పోకూడదు. నా చేతికీ ఒక చీపురు ఇచ్చారు. గుట్ట వైపు సగం నేనే ఊడ్చాను. వాళ్ళమ్మ నా వెనకే వచ్చి నేను వదిలేసిన రెండు మూడు ఆకుల్ని చేత్తో ఏరి లోపలికి విసిరేసింది. గీత మొత్తం ఒకసారి నడిచి చూసుకున్నాకే అగ్గిపుల్ల గీసింది. మంట ఆరి బూడిద చల్లబడేదాకా పచ్చి కొమ్మ పట్టుకుని అక్కడే నిలబడింది. మర్నాడు పొద్దున నల్లటి నేల మీద పువ్వు తెల్లగా పరుచుకుని ఉంది. ముగ్గురం కూర్చుని ఏరాం. వాళ్ళిద్దరూ ఏదో అనుకుని నన్ను చూసి నవ్వారు. నాకు భాష రాకపోయినా నేనూ నవ్వాను. ఆ ఏడాది మొత్తంలో నేను ఒంటరిగా లేని రోజులు ఆ రెండే.

తిరిగొచ్చిన రెండు వారాలకి కాలేజీలో అడవుల దినోత్సవం అన్నారు. గోడపత్రిక కోసం అడవిలో మంటల గురించి కళ్ళారా చూసింది రాసుకు రమ్మన్నాడు సారు. అందరూ పేపర్లలోంచి ఎత్తి రాశారు. కళ్ళారా చూసింది నేనొక్కదాన్నే. కూర్చుని మొదట అంతా రాశాను, చీపుర్లూ గీతా పచ్చి కొమ్మా అన్నీ. చదువుకుంటే చప్పగా ఉంది. గీత ఉంటే అది అడవి తగలబడటం కాదు, వాకిట్లో చెత్త కాల్చినట్టుంది. గీత తీసేశాను. నా చేతిలో చీపురు తీసేశాను. వాళ్ళమ్మ నిలబడి కాపలా కాయడం తీసేశాను. మంట మిగిలింది. దాని పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో నాలుకలు చాపుతున్న మంట బొమ్మ కూడా వేశాను. ఆ వేసవుల్లో గుట్టలు నిజంగానే అంటుకునేవి, అందులో అబద్ధమేమీ లేదు. కానీ నేను రాసింది ఆ గుట్టల గురించి కాదు.

నాకు మొదటి బహుమతి వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన అటవీ అధికారి గోడ ముందు నిలబడి నాది పూర్తిగా చదివాడు. ఇది ఏ ఊరమ్మా అని అడిగాడు. చెప్పాను. ఏ చెట్టు అన్నాడు. గూడెం చివర, గుట్ట మొదట్లో అని అదీ చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకుంటుంటే, నా మాట ఒక ఆఫీసరు రాసుకుంటున్నాడని పొంగిపోయాను. నా రూమ్మేట్ ఆ రోజు కాలేజీకి రాలేదు. నేను వచ్చేసినా తను పువ్వు ఏరడానికి ఊళ్ళోనే ఉండిపోయింది.

పది రోజుల తర్వాత వచ్చింది. బట్టల సంచి మంచం మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పింది. అమ్మను పొద్దున్నే ఫారెస్టు ఆఫీసుకు రమ్మన్నారట. ఒకరోజు కాదు, మూడు రోజులు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టి, మళ్ళీ నిప్పు పెడితే కేసవుతుందని చెప్పి పంపారట. వాళ్ళ చేతిలో కాగితం మీద ఊరి పేరు, చెట్టు గుర్తు అన్నీ ఉన్నాయట. పువ్వు ముమ్మరంగా రాలే రోజులు అవే. తోడు వెళ్ళడానికి తనూ వెళ్ళాల్సి వచ్చిందట. ఏరేవాళ్ళు లేక పువ్వంతా పశువులు తిన్నాయి.

అప్పటికే గోడ దగ్గర ఆగి చదివే వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. నన్ను మాత్రం ఒకే మాట అడిగింది.

"మేం గీత తీసింది నువ్వు చూడలేదా?"

తప్పించుకోవడానికి ఆమె నాకు దారి ఇచ్చిందని ఇప్పుడు అనుకుంటాను. లేదా నేనేం చెప్తానో చూద్దామనుకుందేమో. నేను చూడలేదన్నాను. సరిగా గమనించలేదన్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది. ఆ చేతులతోనే గదా ఊడ్చావు అని అనలేదు. ఆ వారంలోనే వార్డెన్‌ని అడిగి వరండా అవతలి గదికి మారిపోయింది. ఎదురుపడితే పలకరించేది. పలకరించకపోయినా బాగుండేదని నేను ఏడ్చిన రోజులున్నాయి.

నేను రాసింది సగమేనని, సరిచేసి మళ్ళీ గోడకి పెడతానని సారుని అడిగాను. బహుమతి వచ్చాక ఇప్పుడెందుకమ్మా, వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన అలా అన్నందుకు నాకు హాయిగానే అనిపించింది. ఫ్యాన్లు కట్టేయడం, క్లాసులు పీకడం మానేశాను. స్టీలు గిన్నె మాత్రం తీసుకెళ్ళేదాన్ని, ఎవరికీ ఏమీ చెప్పకుండా. మెస్సులో నా పక్కన ఖాళీ అలాగే ఉంది. ఇంతకుముందులాగా దాన్ని చూసి గర్వపడటం చేతకాలేదు.

రెండో ఏడు మార్చిలో ఆమె పువ్వుకోసం ఇంటికెళ్ళిందని తెలిసి, చెప్పకుండా బయల్దేరాను. రాత్రి ములకలపల్లిలో మా కాలనీవాళ్ళ బంధువుల ఇంట్లో ఆగి పొద్దున్నే వెళ్ళాను. వాళ్ళమ్మ చెట్టు కిందే ఉంది. నేల నల్లగా లేదు. ఆకంతా చీపురుతో ఊడుస్తోంది. ఊడ్చిన చోట మళ్ళీ ఆకు రాలుతోంది, దాంతోపాటు పువ్వు రాలుతోంది. ఆకులో పువ్వు వెతుకుతూ, నాలుగు అడుగులు ఊడ్చి నడుం పట్టుకుని నిలబడి, మళ్ళీ వంగుతోంది. నా రూమ్మేట్ అవతలి వైపు నుంచి ఊడ్చుకొస్తోంది. నన్ను చూసి ఆగింది కానీ దగ్గరికి రాలేదు.

దారిలో చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను. తప్పయిపోయిందని మాత్రం అన్నాను. వాళ్ళమ్మకి ఏ తప్పో అర్థమైంది. కోపం లేదు ఆమె ముఖంలో.

"పోనీ తియ్యి బిడ్డా. కాలనీల పెరిగినవ్. నీకేం ఎరుక?" అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆమె అంత సులువుగా వదిలేసింది నన్ను.

"నాకు ఎరుకే అమ్మా," అన్నాను. "గీత నేను చూసిన. నేను కూడ ఊడ్చిన. తెలిసే రాయలే."

ఆమె కూతురి వైపు తిరిగి కోయలో ఏదో అడిగింది. కూతురు ఒక్క ముక్కలో జవాబిచ్చింది. అదేమిటో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పొద్దంతా వాళ్ళతో ఊడ్చాను. మధ్యాహ్నం అన్నం పెట్టి పంపారు.

ఆ సోమవారం సారుని అడగకుండానే చార్టు షీటు కొని, జరిగిందంతా రాసి గోడకి పెట్టాను. ఎవరు గీత తీశారో, ఎవరు తీసిన గీతను ఎవరు కాగితం మీద చెరిపేశారో రాశాను. కింద నా పేరు రాశాను, పేరు కింద ఏమీ రాయలేదు. నిలబడి చదివినవాళ్ళు తక్కువ. నా రూమ్మేట్ ఊరినుంచి వచ్చాక చదివింది. సాయంత్రం నా గది గుమ్మం దాకా వచ్చింది.

"చదివిన. అంతా ఉన్నదున్నట్టే రాసినవ్," అంది.

లోపల ఆమె పాత మంచం ఖాళీగానే ఉంది. దాని మీది పుస్తకాలు తీసేస్తూ, మళ్ళీ ఈ గదికి వచ్చెయ్యమని అడిగాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మ ఇంక నిప్పు పెట్టదే. నువ్వు ఎంత మంచిగ రాసినా పెట్టదు. పొద్దుగాల కుక్క మొరిగితె ఆఫీసోళ్ళు వచ్చిండ్రేమో అని లేసి కూసుంటది. పండుగకు నిన్ను తీస్కరమ్మంటది గూడ, నీ మీద కోపం లేదు ఆమెకు. నాకే పోతలేదు."

అలా అని తన గదికి వెళ్ళిపోయింది. డిగ్రీ అయిపోయేదాకా ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.