ఏబెల్ బట్టీ దగ్గరి మాట

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ‘ఏబెల్ బేకరీ’ ఎక్కడని అడిగితే ఎవరైనా వేలు చాపి చూపిస్తారు. ఏబెల్ కన్నుమూసి చాలా ఏళ్ళయినా బోర్డు మీద పేరు మారలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చొని, బన్నుల పొట్లం కడుతూనే ఫోనులో కేకు ఆర్డరు తీసుకొని, మధ్యలో మెట్టెక్కిన వీధికుక్కను అదిలించే పొడవాటి మనిషి ఆయన ఏకైక కుమార్తె స్టెల్లా. హైస్కూలులో ఆమెకు నేను తెలుగు చెప్పాను. ఆమెకు యాభై దాటినా, నన్ను చూడగానే ఇప్పటికీ స్టూలు మీది నుంచి లేచి నిలబడుతుంది. వద్దని చెప్పడం మానుకున్నాను.

ఏబెల్ చేసిన బన్నులూ రస్కులూ అందరూ చేసేవే. వెన్న బిస్కెట్టు మాత్రం ఆయనది. ఉసిరికాయంత పరిమాణం, పాలమీగడ రంగు, ఎక్కడా ఎరుపు తగలని ఒళ్ళు. దాన్ని కొరకవలసిన అవసరం ఉండేది కాదు. నాలుక మీద పెట్టుకొని నోరు మూసుకుంటే లోపల ఎక్కడో చిటుక్కుమని ఒక చప్పుడు వినిపించేది. ఆ తరువాత బిస్కెట్టు ఉండేది కాదు, వెన్న వాసన మాత్రమే ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టాక పద్యం అప్పజెప్పమంటే కొందరు పిల్లలు పెదవి విప్పేవారు కాదు. ఆ మౌనానికి కారణం నాకు తెలుసు. ఉపాధ్యాయుల గదిలోనూ అదే మౌనం ఉండేది.

చివరి సంవత్సరంలో ఏబెల్‌కు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది, మాట పోయింది. ఆయన ఏనాడూ దేన్నీ కాగితం మీద పెట్టిన మనిషి కాదు. వివాహమై గూడూరులో ఉన్న స్టెల్లా తిరిగివచ్చి బేకరీని చేతిలోకి తీసుకున్నది. కరెంటు పొయ్యి కొన్నది. వెనుక వసారాలోని ఇటుకల బట్టీ చల్లారిపోయి, దాని నోట్లో ఖాళీ నూనె డబ్బాలు చేరాయి. వెన్న బిస్కెట్టు కోసం వచ్చినవారికి ‘లేదండీ’ అని చెప్పడం ఆమెకు అలవాటైంది. వారు అడగడం మానేసిన తరువాతనే ఆమెకు అసలు బాధ మొదలైందని నా అభిప్రాయం.

ఈ వేసవిలో ఆమె కుమారుడు రూపేష్ ఒక ప్రస్తావన తెచ్చాడు. బట్టీని పగలగొడితే వెనుక నాలుగు బల్లలు వేయవచ్చు, కాలేజీ పిల్లలు కూర్చొని తింటారు. తప్పుపట్టవలసిన ఆలోచన కాదు. స్టెల్లా ఒక్కటే అడిగింది: వెన్న బిస్కెట్టు మళ్ళీ వచ్చేట్టయితే బట్టీ ఉండాలి, రాకపోతే పోవచ్చు. తల్లీకొడుకులు ఒప్పుకున్నారు. తాపీమేస్త్రీ మునెయ్యను సోమవారం రమ్మన్నారు. అంతవరకే ఆమెకు గడువు.

రుచి చూడడానికి నన్ను పిలిచింది. "ఈడ ఎవరికిచ్చినా బాగుండాదనే అంటారు టీచర్. తప్పు పట్టేదానికి మీరే కావాల" అన్నది. దీన్ని ప్రశంసగానే స్వీకరించాను.

పళ్ళెంలో మూడు రకాలు పెట్టింది. మొదటిది తిన్నాను.

"గట్టిగా ఉంది."

"ఇది?"

"ఇది మెత్తగా ఉంది. చేతికే పొడి అవుతున్నది."

"ఇది సూడండి. వెన్న రెండింతలు ఏసినా."

"ఇది మంచి బిస్కెట్టు, స్టెల్లా. కానీ అది కాదు."

వెనుక నుంచి రూపేష్ నవ్వాడు. "తాత ఏమన్నా రాకెట్టు చేసినాడామా? మైదా, వెన్న, చక్కెర పొడి. యూట్యూబులో కొల్లలుగా ఉండాయి."

"నువ్వు పోయి ఆ యూట్యూబునే నమలరా" అన్నది స్టెల్లా.

వాడు వెళ్ళాక చెప్పింది. వస్తువులన్నీ మార్చి చూసింది. కరెంటు పొయ్యిలో చూసింది. డబ్బాలు తీసేసి బట్టీలోనే మంట పెట్టి చూసింది, పైన మాడి లోపల పచ్చిగా మిగిలింది. ఇక తండ్రి వేసే వస్తువేదో ఒకటి తనకు తెలియదనే నిశ్చయానికి వచ్చింది. అంతకంటె లోతైన నిశ్చయం ఇంకొకటి ఉన్నదని ఆమె గొంతు మారినప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

"మా నాయన కావాలనే దాచినాడు టీచర్. ఆడబిడ్డకు చెప్తే పని ఇంకో ఇంటికి పోతాదనుకున్నాడేమో. బట్టీ కాడికి పోయి నిలబడితే సాలు, ‘సూడు సాలు, జరుగు’ అని పక్కకు నెట్టేవాడు. దినామూ అదే మాట. చూసింది చాలంట! నేనేం చూసినానని?"

"‘చూసింది చాలు’ అన్నాడా, ‘చూడు చాలు’ అన్నాడా?"

"సూడు సాలు. నిన్న విన్నట్టుండాది."

"అలాగైతే అర్థం వేరు. ‘నీవు రా, చాలు’ అంటే వస్తే అంతే చాలునని. ‘చూడు, చాలు’ అంటే చూస్తే అంతే చాలునని. పొమ్మనడానికి ఆ ప్రయోగం పనికిరాదు."

"చూస్తే చాలని చెప్పి జరగమంటాడా ఎవరైనా? మా నాయన మీ క్లాసులో కూర్చోలేదు కద టీచర్" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు అద్దుకున్నది.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. బడి ముఖం చూడనివాడు కూడా ఇంటి భాషలో ఇటువంటి పొరపాటు చేయడు. వ్యాకరణం పుస్తకంలో పుట్టలేదు, నోట్లో పుట్టింది. ఆ వాక్యంలో ఏదో పదం దాని చోటులో లేదని తోచింది. ఏ పదమో తోచలేదు.

శనివారం పొద్దున ఏబెల్ చెల్లెలు ఆనందమ్మ గుడియాత్తం నుంచి బస్సులో వచ్చింది. అన్న బట్టీని పగలగొడుతున్నారని తెలిసి, ఒకసారి చూచి పోదామని వచ్చిందట. గుడియాత్తం సరిహద్దుకు అవతల ఉన్న తమిళ ఊరు. ఏబెల్ పడుచుతనంలో పని నేర్చినది అక్కడే, ఈమె కళ్ళెదుటే. ఆనందమ్మకు నోట్లో ఒక్క పన్ను లేదు గాని మాటకు లోటు లేదు. నేను వెళ్ళేసరికి మైదా బస్తా పక్కన కుర్చీలో కూర్చొని, మేనకోడలు ఇచ్చిన కాఫీ ఒక గుటక వేసి, గ్లాసు వెనక్కి చాపింది.

"ఏం మే, కాఫీలో సూడు సాల్లేదు."

స్టెల్లా వేడి చేయడానికి గ్లాసు అందుకొని రెండడుగులు వేసింది. అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఏమన్నావత్తా?"

"సూడు సాల్లేదంటి. చెవుడా నీకు? వేడి లేదే దీంట్లో! ఇట్లాంటి కాఫీ మీ నాయనకిచ్చింటే గ్లాసు గోడకేసి కొట్టుండు."

"మా నాయన వేడిని సూడు అంటాడా?"

"మీ ఇంట్లో అంటాడో లేదో నాకేం తెలుసు. బట్టీ కాడైతే వేరే మాట యాడొస్తాది వానికి? పని నేర్పిన మేస్త్రీ అరవాయన. సూడు ఎక్కిందా, సూడు దిగిందా, సూడు సాలునా అని తెల్లారిందాకా అదే పాట."

చిత్తూరులో పుట్టినవారికి ఆ తమిళ మాట తెలియక కాదు. మార్కెట్టుకు పోతే రోజుకొకసారైనా వినబడుతుంది. కాని మన ఊరి నాలుకకు ‘చూడు’ కూడా ‘సూడు’ అవుతుంది. చిన్నపిల్ల ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకొని మనస్సులో నాటుకున్నది. నాటుకున్న మాటను ఎవరూ మళ్ళీ వినరు. ఇన్నేళ్ళూ క్రియ అనుకున్నది నామవాచకం. ‘వేడి చాలు.’ వాక్యం ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. నా చేతుల మీది వెంట్రుకలు కూడా.

స్టెల్లా మైదా బస్తా మీద కూలబడింది.

"వేడి చాలు, జరుగు" అని తనలో తాను అనుకున్నది. మళ్ళీ అనుకున్నది. "బిస్కెట్టు ట్రేలు పొడుగు పార మీద పెట్టి తోస్తాడు టీచర్. నేను నోటి కాడ నిలబడుంటా. తగలకుండా జరగమన్నాడు. అంతే." తల ఎత్తింది. "దేనికి చాలు? అప్పుడు మంట ఉండదే. బన్నులు కాల్చి తీసేసుంటాడు. నిప్పులన్నీ బయటికి లాగేసుంటాడు. ఆరిపోతా ఉండే బట్టీ టీచర్ అది!"

"ఆరిపోయే సూడులోనే కదమే వెన్న బిస్కెట్టు పెట్టేది" అన్నది ఆనందమ్మ, ఇంత చిన్న సంగతికి ఇంత గొడవా అన్నట్టు. "తలుపు మూసి పండుకునేదే. తెల్లారి తీసేదే. వాడు నీకు చెప్పలేదా?"

"చెప్పినాడత్తా" అన్నది స్టెల్లా. "దినామూ చెప్పినాడు."

ఆ మధ్యాహ్నమే బట్టీ వెలిగింది. రూపేష్ గొణుక్కుంటూనే, మళ్ళీ చేరిన డబ్బాలు తీసి, మామిడి కట్టెలు మోసుకువచ్చాడు. నేను బట్టీ మండుతుండగా లోపలికి చూడడం అదే మొదటిసారి. మొదట పైకప్పు ఇటుకలు మసితో నల్లబడ్డాయి. మంట పెరిగేకొద్దీ ఆ మసి తనంతట తానే కాలిపోసాగింది. నడిమధ్య ఒక తెల్లని మచ్చ పుట్టి, అంచులకు వ్యాపించి, చివరకు కప్పంతా సున్నం వేసినట్టు తెల్లబడింది. నల్లనిది మండి తెల్లనవుతుందని చెబితే నేను నమ్మి ఉండేదాన్ని కాను. స్టెల్లా నిప్పులు లాగేసి, తడిగోనెతో బట్టీ నేల తుడిచి, బన్నులు కాల్చి తీసింది. తరువాత తలుపు కొంచెం తెరిచి ఉంచి నిలబడింది.

"ఎంత దిగితే చాలు?" అని అడిగాడు రూపేష్. "థర్మామీటరు తెచ్చేదా?"

స్టెల్లా ఏదో జ్ఞాపకం వచ్చినట్టు కుడి చేయి మోచేతి వరకు బట్టీలోకి చాపింది. పెదవులు కదిలాయి. తలుపు దగ్గరే ఉన్న నాకు వినిపించింది. పరలోక ప్రార్థన. సగానికి రాకముందే చేయి చటుక్కున వెనక్కి లాక్కున్నది.

"మా నాయన అట్లే చేస్తా ఉండె" అన్నది. "చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. భక్తి అనుకున్నా."

"భక్తీ ఉన్నది లేమే వానికి" అన్నది ఆనందమ్మ. "ఆమేన్ దాకా చెయ్యి నిలబడాల. దానికి ముందు కాలితే సూడు ఎక్కువ. అయినాక కూడా సమ్మగా, హాయిగా ఉంటే సూడు తక్కువ."

ఒక ప్రార్థనకు పట్టే కాలం, ఒక మనిషి చర్మం. ఏబెల్ దగ్గర ఉన్న పనిముట్లు అవే. దేవుణ్ణి తలచుకోవడమూ బట్టీని కొలవడమూ ఆయనకు వేరు వేరు పనులు కావు. ఆ వసారాలో నిలబడి ఉన్న నాకు, చెప్పులు బయట విడిచి రావలసిందేమో అనిపించింది.

స్టెల్లా మూడోసారి చేయి పెట్టినప్పుడు ముఖం చెమటతో నిండి ఉంది. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క మాటను తండ్రి పలికినట్టే నిదానంగా పలుకుతూ పోయింది. ‘ఆమేన్’ వద్ద చేయి తీసింది. రూపేష్ ఏం జరుగుతున్నదో చూడాలని బట్టీ నోటికి అడ్డంగా వంగి ఉన్నాడు. వాని భుజం మీద చేయి వేసి పక్కకు నెట్టింది.

"సూడు సాలు, జరుగు."

అని, తన నోటి మాట తానే విని, ట్రే చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయింది. వాడు జరిగాడు. ఆమె ట్రేలు ఒకటొకటిగా లోపలికి తోసి, ఇనుప తలుపు మూసి, సందులకు తడిమట్టి పూసింది.

ఆదివారం చర్చికి పోకముందే తలుపు తెరిచారు. వెలుతురు లోపలికి పడగానే తెల్లని వరుసలు కనిపించాయి. ఒక్కదానికీ ఎరుపు తగలలేదు. స్టెల్లా వాటిని ముట్టుకోవడానికి భయపడింది. రూపేష్ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకొని, "బరువే లేదుమా" అన్నాడు. వాని గొంతులో ఎగతాళి లేదు.

మొదటిది ఆనందమ్మకు ఇచ్చారు. పళ్ళు లేని నోరే దీనికి సరియైన పరీక్ష. ఆమె నాలుక మీద పెట్టుకొని నోరు మూసుకున్నది. చిటుక్కుమన్న చప్పుడు నాకు వినిపించిందని ప్రమాణం చేసి చెప్పలేను, వినిపించిందనే అనుకుంటున్నాను. ఆమె దవడ కదలలేదు. కళ్ళు మాత్రం మూసుకుపోయాయి. చాలాసేపటికి తెరిచింది.

"ఇంకోటి ఇయ్యి మే" అన్నది. "మొదటిది నేను తినలేదు. అదే పోయింది."

తరువాత నేను తీసుకున్నాను. తప్పు పట్టడానికి పిలిచిన మనిషిని కనుక స్టెల్లా నా ముఖం వంకే చూస్తూ నిలబడింది. నాకు తెలిసిన విశేషణాలన్నీ వరుసగా ముందుకు వచ్చి, వరుసగా వెనక్కి పోయాయి. తల ఊపాను. ఆమె తన వంతు ఒకటి నోట్లో వేసుకొని, చల్లారిన బట్టీ గోడకు వీపు ఆనించి, చిన్నపిల్ల వలె కింద కూర్చున్నది.

సోమవారం మునెయ్య చెప్పినట్టే వచ్చాడు. భుజాన పెద్ద సుత్తి, చేతిలో గడ్డపార. స్టెల్లా వానికి ఒక బిస్కెట్టు ఇచ్చి, బట్టీ దగ్గరికి తీసుకుపోయి, నోటి దగ్గర వదులైన ఇటుకలనూ కప్పులో పగిలిన చోటునూ చూపింది.

"ఇవి తీసి కొత్తవి పెట్టల్ల. పొగగొట్టం కూడా సూడప్పా, ఈడ పొగ వెనక్కి తంతా ఉండాది."

మునెయ్య బిస్కెట్టు నోట్లో వేసుకొని మాట్లాడబోయి ఆగాడు. రెండు క్షణాలు అలాగే ఉండి, ఖాళీ అయిన నోటితో బట్టీని ఎగాదిగా చూశాడు.

"కొట్టమని పిలిచి కట్టమంటావేందిమా? సుత్తి తెచ్చినా. తాపీ తేలేదే!"

"పోయి తెచ్చుకో. అంతలో టీ పెడతా."

రూపేష్ తన బండి తాళాలు తీశాడు. "నేను దించుతా రా అన్నా" అన్నాడు. సుత్తిని గోడకు ఆనించి, ఇద్దరూ తాపీ కోసం వెళ్ళారు.